నేరశాస్త్రం ఎవరి నేరాలను చదువుతుంది?

1

విశ్వవిద్యాలయంలోకి ఏ శాస్త్రం అడుగుపెట్టినా దానిని రెండు ప్రశ్నలు అడగాలి. నీవు దేనిని పరిశీలిస్తావు? ఎవరికోసం పరిశీలిస్తావు? వృక్షశాస్త్రాన్నీ ఖగోళశాస్త్రాన్నీ రెండవ ప్రశ్న అంతగా ఇబ్బంది పెట్టదు. చెట్టుకు పరువు లేదు, నక్షత్రానికి జెయిలు లేదు. కాని పరిశీలనకు గురయ్యేది మనిషే అయినప్పుడు, ఆ పరిశీలన ఫలితంగా అతని మెడలో ఒక పేరు వేలాడేటప్పుడు, రెండవ ప్రశ్నను తప్పించుకున్న శాస్త్రాన్ని శాస్త్రమని నమ్మడానికి వీలులేదు. నేరశాస్త్రం అటువంటి శాస్త్రం.

మన దేశంలో ఈ చదువు నిన్నమొన్న పుట్టింది కాదు. 1959లోనే సాగర్ విశ్వవిద్యాలయం నేరశాస్త్రానికీ ఫోరెన్సిక్ శాస్త్రానికీ కలిపి ఒక శాఖను తెరిచింది. మద్రాసు విశ్వవిద్యాలయం కూడా ఆ దారి పట్టింది. లా చదివే విద్యార్థికి నేరశాస్త్రం, శిక్షాశాస్త్రం ఒక పేపరుగా ఎదురవుతూనే ఉన్నాయి. 2020లో పార్లమెంటు రెండు చట్టాలు చేసి జాతీయ ఫోరెన్సిక్ శాస్త్ర విశ్వవిద్యాలయాన్నీ, రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయాన్నీ ఏర్పరచింది. రెండింటి కేంద్రమూ గాంధీనగరే. రెండూ విద్యామంత్రిత్వశాఖ కింద లేవు, హోం మంత్రిత్వశాఖ కింద ఉన్నాయి. పోలీసు వ్యవస్థను పర్యవేక్షించే శాఖే, ఆ వ్యవస్థ గురించి చదువు చెప్పే విశ్వవిద్యాలయాన్ని కూడా నడుపుతున్నదన్నమాట! ఎవరిమీద తీర్పు చెప్పాలో వారే న్యాయమూర్తికి జీతమిచ్చే ఏర్పాటును ఏ కోర్టులోనైనా మనం అంగీకరిస్తామా?

వేలిముద్రలు పోల్చడం, రక్తపు మరకను పరీక్షించడం, కంప్యూటరు మోసాన్ని ఛేదించడం అవసరంలేని విద్యలని ఎవరూ అనరు. మంచి ప్రయోగశాల ఒకటి ఉంటే స్టేషనులో లాఠీకి పని తగ్గుతుంది. ఆ మేరకు అది నాగరికతే. అయితే, దొంగను పట్టుకోవడం ఎట్లా అనేది ఒక నైపుణ్యం. ఎవరిని దొంగ అంటున్నాం, ఎందుకంటున్నాం, ఎవరిని అనకుండా వదిలేస్తున్నాం అనేది శాస్త్రం. మన విశ్వవిద్యాలయాలు మొదటిదానిని రెండవదాని పేరుతో బోధిస్తున్నాయి. తగవు అక్కడ ఉంది. చట్టాన్నీ, పోలీసునూ, కోర్టునూ, జెయిలునూ తన పరిశీలనకు వస్తువులుగా చేసుకోనంతవరకు నేరశాస్త్ర శాఖ పోలీసు స్టేషనుకు కట్టిన మేడగది తప్ప మరేమీ కాదని నా వాదం.

2

ఈ శాస్త్రం పుట్టుకలోనే ఈ వంకర ఉంది. 1764లో ఇటలీలో బెకారియా నేరాలమీద, శిక్షలమీద పుస్తకం రాసినప్పుడు ఆయన చూపు ప్రభువులమీదా న్యాయాధికారులమీదా ఉంది. చిత్రహింస ఎందుకు, మరణశిక్ష ఎందుకు, చట్టం అందరికీ అర్థమయ్యేటట్లు ఎందుకు లేదు అని ఆయన అడిగాడు. శతాబ్దం గడిచింది. ఇటలీ ఏకమైంది. దక్షిణాది దరిద్ర రైతాంగం కొండలెక్కి తిరగబడింది. ఆ కాలంలో లొంబ్రోసో అనే వైద్యుడు కలబ్రియాకు చెందిన విల్లెల్లా అనే ఖైదీ పుర్రెను చేతిలోకి తీసుకుని, అందులో ఒక గుంటను చూచి, పుట్టుకతోనే నేరస్థుడైన మనిషి దొరికాడని ప్రకటించాడు. 1876లో ఆయన పుస్తకం వెలువడింది. 1885లో గరోఫలో అనే న్యాయాధికారి పుస్తకంతో ఈ శాస్త్రానికి క్రిమినాలజీ అనే పేరు స్థిరపడింది.

ఇక్కడ జరిగిన మార్పును గమనించాలి. బెకారియా చట్టాన్ని బోనులో నిలబెట్టాడు. లొంబ్రోసో చట్టాన్ని న్యాయపీఠంమీద కూర్చోబెట్టి పుర్రెను బోనులోకి ఎక్కించాడు. దక్షిణ ఇటలీ రైతుకు భూమి ఎందుకు లేదన్న ప్రశ్న ఆ పుర్రె గుంటలో పూడుకుపోయింది.

మరొక మార్గం లేకపోలేదు. బెల్జియం గణకుడు కెత్లే 1835 నాటికే ఏటేటా జరిగే నేరాల సంఖ్య ఇంచుమించు ఒకే తీరున ఉండడాన్ని చూపి, నేరాన్ని సిద్ధంచేసేది సమాజమేనని తేల్చాడు. డచ్చి పండితుడు బోంగర్ 1905లో నేరానికీ ఆర్థిక పరిస్థితులకూ ఉన్న సంబంధాన్ని మార్క్సిస్టు దృష్టితో వివరించాడు. ఈ రెండు పేర్లూ పాఠ్యపుస్తకాలలో ఉంటాయి. తేదీలతోసహా పరీక్షలో అడుగుతారు. కాని పురావస్తుశాలలో కత్తిని అద్దాల వెనుక ఉంచినట్లు ఉంచుతారు. దానితో ఏదైనా కోయవచ్చునని విద్యార్థికి తోచనివ్వరు.

3

లొంబ్రోసో పుస్తకానికి అయిదేళ్ళు ముందే, 1871లో, మన దేశంలో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థజాతుల చట్టం చేసింది. యూరపులో ఒక వైద్యుడు పుర్రెలు వెతుక్కోవలసి వస్తే, ఇక్కడ గెజెట్టులో ఒక ప్రకటన సరిపోయింది. జాతికి జాతినే నేరస్థులుగా ప్రకటించవచ్చు. ఆ ప్రకటన తప్పని ఏ కోర్టులోనూ వాదించే హక్కు లేదు. అదే చట్టం రెండవ భాగంలో హిజ్రాలను కూడా రిజిస్టరుకెక్కించారు. పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసే అధికారాన్ని 1897 సవరణ ఇచ్చింది. 1911 చట్టంతో ఇది మద్రాసు రాష్ట్రానికీ, అంటే మన కోస్తా రాయలసీమ జిల్లాలకూ వచ్చింది.

అప్పుడు ఎరుకలవారు ఎవరు? కోస్తానుంచి ఉప్పును ఎద్దులమీద, గాడిదలమీద మెట్టసీమలకు మోసుకుపోయి, అక్కడినుంచి ధాన్యం తెచ్చి అమ్ముకున్న సంచార వర్తకులు. బుట్టలల్లినవారు, సోది చెప్పినవారు. ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యంలోకి తీసుకుంది. రైలు వచ్చి బస్తాలను లాక్కుపోయింది. 1876-78 కరువు పశువులను మింగింది. అడవి చట్టాలు వెదురునూ పచ్చికనూ అడ్డుకున్నాయి. బ్రతుకుతెరువును నాలుగు వైపులా మూసినది ప్రభుత్వం. మూసిన తరువాత, వీరికి బ్రతుకుతెరువు లేదు గనుక వీరు దొంగలే అయి ఉండాలని తీర్మానించినదీ ప్రభుత్వమే. ఈ చరిత్రనంతా మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో పత్రాలతో నిరూపించారు.

1913 ప్రాంతాల బాపట్ల దగ్గర, మద్రాసు ప్రభుత్వంలోని స్టూవర్టు దొర పేరుమీద స్టువర్టుపురం వెలిసింది. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థది. ఆ సంస్థను మన దేశంలో నడిపించిన బూత్ టక్కర్, నేరస్థులను నయంచేసే విద్యకు 'క్రిమినోక్యూరాలజీ' అని ఒక పేరు కల్పించి పుస్తకమే రాశాడు. మన గడ్డమీద నేరశాస్త్రపు తొలి ప్రయోగశాల విశ్వవిద్యాలయంలో లేదు, ఆ కంచెలోపల ఉంది. అనుమతి చీటీ లేకుండా కదలరాదు. హాజరు చెప్పాలి. ఇంతకూ ఆ చికిత్స ఏమిటి? చీరాలలోని పొగాకు కంపెనీకి కదలలేని కూలీలను సమకూర్చడం. రోగం పేరు నేరం, మందు పేరు చవక కూలి!

స్వాతంత్ర్యం వచ్చింది. మన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షుడుగా 1949లో నియమించబడిన విచారణసంఘం ఆ చట్టాన్ని ఎత్తివేయాలన్నది. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయింది. నేరస్థజాతులు విముక్తజాతులైనాయి. కాని మద్రాసు 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. ఇతర రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. జాతి అనే మాట పోయింది, అలవాటు అనే మాట వచ్చింది. స్టేషను గోడమీది జాబితా మాత్రం చాలాకాలం మారలేదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జెయిలు నిబంధనలలో కులాన్నిబట్టి పనులు పంచడం, విముక్తజాతులవారిని అలవాటు నేరస్థులుగా చూడడం రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయవలసి వచ్చింది. రద్దయిన చట్టం డెబ్బై రెండేళ్ళపాటు జెయిలు మాన్యువళ్ళలో బ్రతికే ఉందన్నమాట. ఆ సంగతిని దేశం ముందు పెట్టి కోర్టుకెక్కినది ఏ నేరశాస్త్రాచార్యుడూ కాడు, ఒక మహిళా పత్రికారచయిత.

4

ఇప్పుడు పాఠకులను ఒక చిన్న పరీక్షకు పిలుస్తున్నాను. 2022లో కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లా పటం తీసుకోండి. అందులో స్టువర్టుపురం ఉంది. చీరాలకు కూతవేటు దూరంలో కారంచేడు ఉంది. పైకి పోతే చుండూరు ఉంది.

1985 జూలై 17న కారంచేడులో ఆధిపత్య కులానికి చెందిన భూస్వాములు మాదిగవాడమీద పడి ఆరుగురిని చంపారు. మొదలు ఒక చెరువునీటి తగాదా. సుప్రీంకోర్టు తుదితీర్పు చెప్పేసరికి 2008 వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను వెంటాడి చంపి, శవాలను గోనెసంచులలో కట్టి కాలువలో పడవేశారు. ఆ గ్రామంలోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో అది 21మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలివేసింది.

ఈ మూడు ఊళ్ళలో మన సమాజం నేరస్థుల ఊరని దేనిని పిలుస్తుంది? కన్నాలు వేశారని పేరుపడిన ఊరినా? మనుషుల్ని గోనెసంచులలో కట్టిన ఊరినా? స్టువర్టుపురం పేరు చెబితే ఇప్పటికీ బస్సులో పక్కవాడు జేబు తడుముకుంటాడు. ఆ పేరుతో 1991లో ఒక సినిమా వచ్చింది. ఆ ఊరి గజదొంగ పేరుతో 2023లో మరొకటి వచ్చింది. కారంచేడు భూస్వామి పేరు చెబితే ఎవరూ ఏమీ తడుముకోరు. అతని కులం ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. అతని కొడుకు ఉద్యోగానికి పోతే స్టేషనునుంచి ఆరా రాదు.

ఏ కులాన్నయినా పుట్టుకతో నేరస్థకులమని రాయమని కాదు నేను అడిగేది. అటువంటి రాత ఒకటి చాలు, దాని బరువు మోసినవారికి తెలుసు. నేనడిగేది ఇది: పెళ్ళాంబిడ్డల కడుపుకోసం కన్నం వేసినవాని మనస్తత్వాన్ని పరిశోధించే శాస్త్రం, పొలమూ పలుకుబడీ ఉండి గొడ్డలి పట్టినవాని మనస్తత్వాన్ని ఎందుకు పరిశోధించదు? ఒక కులం సామూహికంగా ఎట్లా హత్యకు దిగుతుంది, ఊరంతా ఎట్లా నోరు కట్టుకుంటుంది, సాక్ష్యం కోర్టులో ఎట్లా కరిగిపోతుంది అనే విషయాలకన్న నేరశాస్త్రానికి వేరే పాఠ్యాంశం ఏముంటుంది? నేరశాస్త్రం నేర్చుకోవడానికి చికాగో వీధుల వరకు పోనక్కరలేదు. బాపట్ల జిల్లా చాలు.

5

కులపు పలుకుబడిని ముట్టుకోని శాస్త్రం డబ్బు పలుకుబడిని ముట్టుకుంటుందా? అమెరికాలో సదర్లాండ్ అనే సమాజశాస్త్రవేత్త 1939లో తన సంఘపు అధ్యక్షోపన్యాసంలో తెల్లచొక్కా నేరం గురించి మాట్లాడాడు. 1949లో, డెబ్బై పెద్ద కార్పొరేషన్ల నేరచరిత్రను తవ్వి పుస్తకం రాశాడు. ప్రచురణకర్తలు భయపడ్డారు. కంపెనీల పేర్లు తీసివేస్తేగాని అచ్చువేయమన్నారు. పేర్లతో కూడిన పూర్తి పాఠం వెలువడేసరికి 1983 అయింది. అప్పటికి ఆయన చనిపోయి ముప్పై మూడేళ్ళు. జేబుదొంగ ఫోటో స్టేషను గోడమీద అంటించవచ్చు. కంపెనీ పేరు మాత్రం పుస్తకంలో కూడా రాయరాదు! ఆయన సిద్ధాంతానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

మన అనుభవం వేరుగా ఉందా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి తన ఖాతాలు బూటకమని తానే ఉత్తరం రాశాడు. వేలకోట్ల మోసం. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేళ్ళ శిక్ష వేసింది. మరుసటి నెలలోనే అప్పీలు కోర్టు శిక్షను నిలిపి బెయిలు ఇచ్చింది. విచారణకాలంలో ముఖ్యులు జెయిలులో ఉన్నమాట నిజమే. నేనంటున్నది శిక్ష చాలలేదని కాదు. ఆ మోసం జరిగినప్పుడు ఎవరైనా దానిని ఒక కులపు లక్షణమనో, ఒక ఊరి రక్తగుణమనో అన్నారా? అనలేదు, అనకూడదు కూడా. సంస్థలో లోపమన్నారు, ఆడిటులో లోపమన్నారు. ధనికుడు తప్పుచేస్తే వ్యవస్థలో లోపం. దరిద్రుడు తప్పుచేస్తే నెత్తుటిలో లోపం. ఇదేనా శాస్త్రీయ దృష్టి?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంనుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది చనిపోయారు. పన్నెండుమందిని ఒకడు కత్తితో పొడిచి ఉంటే అతని బాల్యం గురించి, తల్లి గురించి, చూసిన సినిమాల గురించి ఎన్ని వ్యాసాలు వచ్చి ఉండేవి! విషవాయువు వదలిన కర్మాగారానికి బాల్యం ఉండదు, తల్లి ఉండదు. లాభనష్టాల పట్టిక ఉంటుంది. దానిని చదవడం నేర్పని నేరశాస్త్రం సగం గుడ్డిది.

6

గణాంకాలున్నాయి గదా, అవి నిష్పాక్షికం గదా అంటారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ప్రకటించే లెక్కలు నేరాల లెక్కలు కావు, పోలీసులు నమోదు చేసిన కేసుల లెక్కలు. ఒకే కేసులో పలు నేరాలుంటే అన్నిటికన్న పెద్ద శిక్ష ఉన్నదానిని మాత్రమే లెక్కవేస్తారు. స్టేషను గడప ఎక్కలేని ఆడకూలీ పడిన దెబ్బ ఆ పుస్తకంలో ఉండదు. పోలీసు చేతిలో పడిన దెబ్బ ఉండడం మరీ కష్టం. ఆ పుస్తకంలో కనబడేది సమాజపు ముఖం కాదు, పోలీసు చేతిలోని అద్దం ఎటు తిరిగి ఉందో ఆ వైపు మాత్రమే.

జెయిళ్ళ లెక్క మరింత నిజం చెబుతుంది. 2022 చివరికి దేశంలోని జెయిళ్ళలో 5,73,220మంది ఉన్నారు. అక్కడ ఉండదగినవారి సంఖ్య 4,36,266. ఉన్నవారిలో 4,34,302మంది, అంటే నూటికి 75కు పైగా, ఏ నేరమూ రుజువు కాని విచారణఖైదీలు. వారిలో అత్యధికులు దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాలవారు. నూరుమంది ఖైదీలలో డెబ్బై అయిదుమంది నేరస్థులని తేలనే లేదు. అయినా ఆ జెయిలుకు పోయి, ప్రశ్నపత్రాలు పంచి, అందులోనివారిని నేరస్థుల నమూనాగా తీసుకుని సిద్ధాంతవ్యాసాలు రాస్తారు. వారిని లోపలికి తెచ్చినది నేరమా, బెయిలుకు డబ్బు లేకపోవడమా అనే ప్రశ్న మొదట వేయనక్కరలేదా?

1978లో సుప్రీంకోర్టు ముందుకు మోతీరాం అనే తాపీపనివాని కేసు వచ్చింది. బెయిలుకు పదివేల రూపాయల జామీను అడిగారు. అన్న పూచీ పడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసివేశారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పదివేలను వెయ్యిచేసి, సొంత పూచీమీద వదలమన్నారు. ఆ మరుసటి ఏడు హుసేనారా ఖాతూన్ కేసులో బీహారు జెయిళ్ళలో ఏళ్ళతరబడి మగ్గిన విచారణఖైదీల సంగతి బయటపడింది. ఈ రెండు తీర్పులనూ లా విద్యార్థులు కంఠస్థం చేస్తారు. ఇన్నేళ్ళ తరువాత కూడా నూటికి డెబ్బై అయిదు ఎందుకు తగ్గడంలేదో పరిశోధించే బాధ్యత మాత్రం తమదని ఎన్ని నేరశాస్త్ర శాఖలు అనుకుంటున్నాయి?

చట్టమే నేరాన్ని ఎట్లా తయారుచేస్తుందో తెలుసుకోవడానికి తెలుగువారికి చేతిలోనే ఉదాహరణ ఉంది. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. నిన్నటిదాకా దుకాణం పెట్టుకున్నవాడు నేరస్థుడైనాడు. 1997లో నిషేధం సడలింది. మళ్ళీ ప్రభుత్వానికి ఆదాయం సమకూర్చే మాన్యుడైనాడు. సీసాలోని సరుకు మారలేదు, పుర్రెలోని గుంట మారలేదు. గెజెట్టు మారింది. 2024 జూలై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 112వ విభాగంలో 'చిల్లర వ్యవస్థీకృత నేరం' అనే కొత్త నేరం పుట్టింది. ముఠాలో ఉండి జేబుకొట్టడం, సినిమా టిక్కెట్లు బ్లాకులో అమ్మడం వంటివి దానికిందికి వస్తాయి. ముఠా అనే మాట మన పోలీసు పుస్తకాలలో ఎప్పుడూ ఎవరిమీద వాలిందో 1911 తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

7

ఇంతవరకు చెప్పినదానికి రెండు ఆక్షేపణలు వస్తాయి. రెండూ తేలికగా తోసివేయదగినవి కావు.

మొదటిది: దరిద్రులందరూ దొంగలు కావడం లేదు గదా, దరిద్రం నేరానికి కారణమంటే నిజాయితీగా బ్రతికే కూలివానిని అవమానించడం కాదా? అవును, అట్లా అంటే అవమానమే. నేను చెప్పినది అది కాదు. దరిద్రం నేరాన్ని పుట్టిస్తుందనేది సగం నిజం. దరిద్రుని నేరమే పట్టుబడుతుందనేది పూర్తి నిజం. ఈ తేడాను మన వామపక్ష మిత్రులు కూడా కొందరు మరచిపోతారు. పెట్టుబడిదారీ విధానం పోతే నేరం తనంతట తాను పోతుందని బోంగర్ ఆశించాడు. సోవియట్ దేశంలో 1920లలో వికసించిన నేరశాస్త్ర పరిశోధన 1930లలో మూతపడింది. కారణాలు ఇక లేవని ప్రకటించిన తరువాత, కారణాలు వెతికేవాడు అనుమానితుడవుతాడు. ఆ దశాబ్దంలో అక్కడ ఎంతమంది నిరపరాధులు శిక్షలు అనుభవించారో లోకానికి తెలుసు. నేరశాస్త్రం నోరునొక్కిన రాజ్యం ఏ రంగు జెండా ఎగరవేసినా ఫలితం ఒకటే. కనుక ప్రభుత్వం మనదైనా కాకపోయినా దానికి లోబడని విద్య కావాలి.

రెండవ ఆక్షేపణ: నేరానికి బలైనవారి మాటేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. దొంగతనంలో నష్టపోయేది కూడా ఎక్కువగా పేదలే. అత్యాచారానికి గురైన ఆడపిల్లకు సమాజ కారణాల ఉపన్యాసం ఊరట కాదు. కాని బాధితులకు మన వ్యవస్థ ఏమిచ్చిందో చూడండి. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక యువ వైద్యురాలిమీద ఘోరం జరిగింది. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చిచంపారు. జనం పోలీసులమీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే పోలీసులు కాల్పులు జరిపారనీ, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లనీ అది తేల్చింది. ఆ కాల్పులతో ఆ వైద్యురాలి కేసు కూడా చచ్చిపోయింది. అసలు ఏమి జరిగిందో సాక్ష్యంతో తేలే అవకాశం, ఆమెకు కోర్టులో న్యాయం జరిగే అవకాశం ఆ పొలంలోనే నేలకూలాయి. కంచే చేను మేస్తే పూలుచల్లే సమాజాన్ని తయారుచేసినవారిలో మన విద్యాసంస్థలు లేవా? కారణం అడగడం సానుభూతి చూపడమేననీ, విచారణ అడగడం నేరస్థుని పక్షం పట్టడమేననీ విద్యావంతులు సహితం నమ్మడం నేరశాస్త్రం మనకు నేర్పని పాఠానికి ఫలితం.

8

విశ్వవిద్యాలయం ఈ ప్రశ్నలు వేయడం సాధ్యమేనా? ఒకచోట వేశారు. అమెరికాలో బర్కిలీ పట్టణపు పోలీసు అధిపతి వోల్మర్ పోలీసులకు చదువు ఉండాలని పట్టుబట్టి వేసిన పునాదిమీద, 1950లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నేరశాస్త్ర విద్యాలయం లేచింది. పోలీసులకోసం పుట్టిన విద్యాలయమే. కాని 1960లు దాటేసరికి అక్కడి అధ్యాపకులు కొందరు పోలీసులను చదవడం ప్రారంభించారు. యౌవనంలో జపాను సంతతివాడైన నేరానికి మంజనార్ నిర్బంధశిబిరంలో గడిపిన పాల్ తకాగి, పోలీసు తూటాలకు నల్లజాతివారు ఎంత హెచ్చుగా బలవుతున్నారో 1974లో లెక్కతీసి చూపాడు. 1976 నాటికి ఆ విద్యాలయమే మూతపడింది. సరిగా అదే కాలంలో, 1968 చట్టం కింద వచ్చిన కేంద్రప్రభుత్వ ధనంతో, పోలీసులను చదివించే క్రిమినల్ జస్టిస్ శాఖలు అమెరికా అంతటా పుట్టగొడుగుల్లా లేచాయి. పోలీసులకు పాఠం చెప్పే శాఖకు నిధులు, పోలీసులమీద పాఠం చెప్పే శాఖకు తాళం! మన కొత్త విశ్వవిద్యాలయాలు ఏ నమూనామీద నడుస్తున్నాయో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు సాహిత్యం ఈ విషయంలో మన విశ్వవిద్యాలయాలకన్న ఎంతో ముందున్నది. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' 1922లో వెలువడింది. అందులో యజమాని చౌదరయ్య చేతిలో సంగదాసు చస్తాడు. ఆ హత్య డబ్బుతో కప్పిపుచ్చబడుతుంది. సంగదాసు అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ధనికులను దోచి పేదలకు పెడతాడు. ప్రభుత్వపు రిజిస్టరులో నేరస్థుడయ్యేది ఎవరు? ఆ ఒక్క కథాక్రమంలో ఒక సంవత్సరపు పాఠ్యప్రణాళిక ఉంది. ప్రభుత్వం ఆ నవలను నిషేధించిందంటే ఆ పాఠం ప్రభుత్వానికి అర్థమయిందన్నమాట. విశాఖ కోర్టులలో వకీలుగా తిరిగిన రావిశాస్త్రిగారు 'ఆరు సారా కథలు'లో, ప్రొహిబిషన్ చట్టం చుట్టూ పోలీసు, ప్లీడరు, సాక్షి, ముద్దాయి ఎట్లా బ్రతుకుతున్నారో చూపారు. నేరశాస్త్రం చదివే తెలుగు విద్యార్థి లొంబ్రోసో కొలతలు కంఠస్థం చేసి, ఈ రెండు పుస్తకాలూ చూడకుండా పట్టం పుచ్చుకుంటే ఆ పట్టానికి విలువ ఏమిటి?

కనుక మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. నేరశాస్త్ర విద్య హోం మంత్రిత్వశాఖ చేతినుంచి బయటికి రావాలి. ఫోరెన్సిక్ విద్య వేరు, నేరశాస్త్రం వేరు అని పాఠ్యప్రణాళికలో గీత గీయాలి. మొదటి సంవత్సరం మొదటి పాఠం నేరస్థుని గురించి కాక చట్టం గురించి ఉండాలి. ఏది ఎప్పుడు నేరమైంది, ఎవరికి లాభంగా అయింది, ఎప్పుడు మానింది అనేది విద్యార్థి తెలుసుకోవాలి. కారంచేడు, చుండూరు, ఎల్జీ పాలిమర్స్, చటాన్‌పల్లి పాఠ్యాంశాలు కావాలి. జెయిళ్ళ తలుపులూ స్టేషను రికార్డులూ పరిశోధకులకు తెరవాలి. ఏ జిల్లాలో ఎంతమంది జామీను దొరకక లోపల ఉన్నారో ఆ జిల్లా విశ్వవిద్యాలయం ఏటా లెక్క ప్రకటించాలి. విద్యార్థులు ఆ ఖైదీలకు న్యాయసహాయం చేయడాన్ని చదువులో భాగం చేయాలి. అన్నిటికన్న ముఖ్యంగా, విముక్తజాతుల యువతీయువకులు ఈ శాఖలలో విద్యార్థులుగా, ఆచార్యులుగా రావాలి. నూరేళ్ళకు పైగా వారిమీద ఇతరులు రాసిన పుస్తకాలు చాలు.

దీనివల్ల దొంగలు పెరిగిపోతారని భయపడేవారు ఒక్క విషయం ఆలోచించాలి. 1871నుంచి 1952వరకు ఎనభై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వం మనుషులను రిజిస్టరులో రాసింది, వేలిముద్రలు తీసింది, కంచెలు కట్టింది. ఆ పద్ధతి నేరాన్ని నిర్మూలించగలిగినదే అయితే స్టువర్టుపురంలో లవణం, హేమలతా లవణంగార్లు 1970లలో పోయి మనుషులను మనుషులుగా పలకరించవలసిన పని ఉండేదే కాదు. లాఠీ పట్టుకున్న శాస్త్రానికి తగినంత వ్యవధి ఇచ్చాం. అది పరీక్ష తప్పింది. ఇక ప్రశ్న పట్టుకున్న శాస్త్రానికి చోటివ్వాలి. ఆ ప్రశ్న మొదట స్టేషనులో కూర్చున్నవానిని అడగాలి, ఆ తరువాతనే స్టేషనుకు తెచ్చినవానిని.